గడియారమునకు శ్రుతి

నరసరావుపేటలో సూర్యుడు నడినెత్తికి వచ్చునప్పటికి మన గడియారములు, సగటున, పన్నెండు దాటి పది నిమిషములు చూపును. 1906లో వచ్చిన భారత ప్రామాణిక కాలము కాకినాడ చెంతనున్న 82.5 డిగ్రీల రేఖాంశమును అనుసరించుటయే ఇందుకు కారణము. నాటినుండి మనము సూర్యుని విడిచి గడియారమును నమ్మితిమి. మరి, ఆ గడియారమును దిద్దునదేది?

రుబీడియం పరమాణువు సెకనుకు సుమారు 683 కోట్ల స్పందనల లయ గలది. స్ఫటికపు గడియారమును ఆ లయకు కట్టి, స్వల్పమైన అయస్కాంత క్షేత్రముతో శ్రుతి సరిచేయుదురు. కాని ఏండ్లు గడచినకొలది అదియు శ్రుతి తప్పును. మార్గదర్శక ఉపగ్రహములో ఒక్క మైక్రోసెకను తప్పినచో దూరము 300 మీటర్లు తప్పును. 2013లో శ్రీహరికోటనుండి ఎగిరిన మన తొలి మార్గదర్శక ఉపగ్రహమున విదేశీ రుబీడియం గడియారములు మూడును చెడినవి. 2023 మే 29న స్వదేశీ రుబీడియం గడియారము అచ్చటినుండియే నింగికెగసినది.

ఇంట రుబీడియం గడియారము నిలుపుకొను ఔత్సాహికులును దానిని ఉపగ్రహ సంకేతముతో దినములతరబడి పోల్చి దిద్దుకొందురు. ఎంతటి గడియారమునకైనను వేరొక గడియారమే సాక్షి.