ఉత్తర అట్లాంటిక్ ఒప్పందం: సంతకాల వార్తాచిత్రం

1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాల ప్రతినిధులు ఉత్తర అట్లాంటిక్ ఒప్పందంపై సంతకాలు చేస్తుండగా తీసిన నలుపు తెలుపు దృశ్యాలివి. నాటో సైనిక కూటమి పుట్టింది ఆ ఒప్పందంతోనే. కాన్‌స్టిట్యూషన్ అవెన్యూలోని ప్రభుత్వ ఆడిటోరియంలో (ఇప్పుడు మెలన్ ఆడిటోరియం) జరిగిన ఈ వేడుకను న్యూస్‌రీల్ కంపెనీలు సినిమాహాళ్ల కోసం చిత్రీకరించాయి. అసలు సినిమాకు ముందు ఇండియన్ న్యూస్ రివ్యూ చూసిన మన పెద్దవాళ్లకు ఆ ధోరణి తెలిసిందే: గంటల తతంగం నిమిషాల్లోకి కుదించి, పైన గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం.

తెరమీద కదలిక తక్కువ. మంత్రి వస్తారు, కూర్చుంటారు, సంతకం పెట్టి లేస్తారు. ఇంగ్లిషు అక్షరక్రమంలో పిలిచారు కాబట్టి బెల్జియం మొదట, ఆతిథ్యమిచ్చిన అమెరికా చిట్టచివర. ఆ ఆఖరి సంతకం వేళ అధ్యక్షుడు ట్రూమన్, ఉపాధ్యక్షుడు బార్క్‌లీ పక్కన నిలబడి చూస్తుంటారు. కలం మాత్రం విదేశాంగ మంత్రి డీన్ అచెసన్ చేతిలో ఉంటుంది. వరుసలో కనిపించే బెల్జియం మంత్రి స్పాక్, నెదర్లాండ్స్ మంత్రి స్టికర్ తర్వాత నాటో ప్రధాన కార్యదర్శులయ్యారు.

హాల్లో మెరైన్ బ్యాండు 'పోర్గీ అండ్ బెస్' సంగీత నాటకంలోని రెండు పాటలు వాయించిందని అచెసన్ తన ఆత్మకథలో రాసుకున్నారు. ఒకటి లేమినే కలిమిగా చెప్పుకునేవాడి పాట, రెండోది గ్రంథంలో ఉన్నదల్లా నమ్మనక్కర్లేదనేవాడి పాట. ఒప్పంద పత్రం ఎదుట ఇంతకన్నా కొంటె ఎంపిక ఉండదు.

కెమెరాకు అందనిది చాలా ఉంది. ఐస్‌లాండ్ మంత్రి బ్యార్ని బెనెడిక్ట్సన్ సంతకం పెట్టడానికి అయిదు రోజుల ముందే, మార్చి 30న, రెయిక్యవిక్‌లో పార్లమెంటు ముందు రాళ్లు పడ్డాయి, పోలీసులు బాష్పవాయువు వదిలారు. సొంత సైన్యమే లేని దేశం అది. పోర్చుగల్ సలజార్ నియంతృత్వంలో ఉంది. ప్రజాస్వామ్యాన్ని కాపాడతామన్న పీఠిక కింద ఆ దేశమూ చేవ్రాలు చేసింది.

ఇలాంటి దృశ్యాల్లో చరిత్రకారుడికి ఎక్కువ పనికొచ్చేవి ఎడిటింగులో పక్కన పడేసిన ముక్కలు: ఎదురుచూపులు, గుసగుసలు, పోజు వదిలేసిన ముఖాలు. యూనివర్సల్ న్యూస్‌రీల్ సంస్థ తన నిల్వను అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌కు ఇచ్చేసింది. 1978 డిసెంబరులో మేరీలాండ్‌లోని సూట్‌లాండ్ గిడ్డంగిలో మంటలు లేచి, అందులోని ఆ విడి ముక్కల్లో పెద్ద భాగం కాలిపోయింది. పాత నైట్రేట్ ఫిలిం ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు.