చెట్టు పేరు చెప్పి కాయలు, బ్యాంకు పేరు చెప్పి గాలాలు

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం మనకి కొత్తేం కాదు. కాకపోతే వెనకటి రోజుల్లో అమ్మేవాడు గుమ్మం దాకా రావాలి, మొహం చూపించాలి, తేడా వస్తే నాలుగు తన్నులు తినడానికి కూడా సిద్ధపడాలి. ఈమెయిలు వచ్చాక ఆ ఇబ్బందులేవీ లేవు. "మీ ఖాతా నిలిపివేయబడింది, 24 గంటల్లో ఈ లంకె నొక్కి వివరాలు సరిచూసుకోండి" అని బ్యాంకు పేరుతో లక్షమందికి ఒక మెయిలు కొడితే చాలు, పదిమందైనా పడతారు.

"మేం సాఫ్టువేరు వాళ్ళం, మాకెందుకు చెప్తావ్ ఇవన్నీ" అనేవాళ్ళ కోసమే నేనీ చరిత్ర చెబుతున్నది. నా వాదన ఒక్కటే. గత ముప్పై ఏళ్ళలో మనకి చెప్పిన జాగ్రత్తల్లో చాలావాటికి ఎక్స్‌పైరీ డేటు ఉంది. మందు సీసా మీద డేటు చూసుకునే మనం, వీటి విషయంలో మాత్రం ఎప్పుడో కాలం చెల్లినవాటినే ఇప్పటికీ వాడుతున్నాం.

అసలు కథ బ్యాంకులతో మొదలవలేదు. 1990లలో అమెరికాలో ఇంటర్నెట్ అంటే చాలామందికి ఏఓఎల్. 1995లో ఓ టీనేజి కుర్రాడు 'ఏఓహెల్' అనే ప్రోగ్రాం వదిలాడు. ఏఓఎల్ సిబ్బందిలా నటిస్తూ "మీ పాస్‌వర్డు సరిచూడాలి" అని చాటింగులో అడగడం అందులో ఆటోమేటిగ్గా జరిగిపోయేది. చివరికి ఏఓఎల్ వాళ్ళు "మా ఉద్యోగులెవరూ మీ పాస్‌వర్డు అడగరు" అని మెసేజీ కిటికీలోనే రాసి పెట్టాల్సి వచ్చింది. మన బ్యాంకులు ఇప్పటికీ ఎస్సెమ్మెస్‌లలో పంపే హెచ్చరికకి తాతగారన్నమాట అది. ఫిషింగ్ అనే మాట కూడా ఆ గుంపుల్లో పుట్టిందే. గాలం వేయడం సరే, మొదట్లో 'ఎఫ్' బదులు 'పీ హెచ్' ఎందుకంటే, అంతకుముందు ఫోన్ లైన్లని మోసగించిన 'ఫ్రీకింగ్' వాళ్ళ గుర్తుగా అని చెబుతారు.

డబ్బు లావాదేవీల మీద పడ్డ తొలి ప్రయత్నాల్లో ఒకటి 2001లో ఈ-గోల్డ్ అనే చెల్లింపుల సంస్థ మీద జరిగింది. 2003కల్లా ఈబే, పేపాల్ పేర్లతో దొంగ మెయిళ్ళు వరదలా వచ్చాయి. ఆ తర్వాత బ్యాంకుల వంతు.

ఇంత తేలిగ్గా ఎలా కుదిరిందంటారా? తప్పు పునాదిలోనే ఉంది. మెయిళ్ళు మోసే ఎస్ఎంటీపీ పద్ధతిని జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఆర్ఎఫ్‌సీ 821గా రాశారు. అప్పటి నెట్‌వర్కులో ఉన్నవాళ్ళంతా దాదాపు ఒకరికొకరు తెలిసిన పరిశోధకులే. అందుకే పంపినవాడు నిజంగా వాడేనా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. ఇన్‌లాండ్ లెటరు వెనక 'ఫ్రమ్' దగ్గర మీరు కలెక్టరుగారి పేరు రాసినా పోస్ట్‌మాన్ తెచ్చి ఇచ్చేస్తాడు కదా, ఇదీ అంతే. దానికి అతుకులు వేయడానికి పాతికేళ్ళు పట్టింది. ఎస్‌పీఎఫ్ 2006లో, డీకిమ్ 2007లో, డీమార్క్ 2012లో వచ్చాయి. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరగడమంటే ఇదే.

పోనీ అతుకులతో పని అయిపోయిందా అంటే, లేదు. ఈ మూడూ చెప్పేది "ఈ మెయిలు ఫలానా డొమైను వాళ్ళు అనుమతించిన సర్వరు నుంచే వచ్చింది" అని మాత్రమే. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి, దొంగ తన సొంత డొమైను కొనుక్కుని, ఈ మూడూ శుభ్రంగా సెట్ చేసుకుంటే అన్ని పరీక్షలూ పాసవుతాడు. వాడు మంచివాడని ఎవరూ చెప్పలేదు, వాడు వాడేనని మాత్రం చెప్పారు!

ఇక మనకి చెప్పిన జాగ్రత్తల సంగతి చూద్దాం.

"అడ్రసు చూసి నొక్కు" అన్నారు. అప్పట్లో వెబ్ అడ్రసులో బ్యాంకు పేరు ముందు రాసి, 'ఎట్' గుర్తు పెట్టి, దాని తర్వాత దొంగ సర్వరు అడ్రసు ఇచ్చేవారు. బ్రౌజరు ఆ గుర్తు ముందున్నదాన్ని యూజర్ పేరుగా తీసుకుని, వెనకున్న చోటికి వెళ్ళేది. మైక్రోసాఫ్ట్ 2004 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు నుంచి ఆ సౌకర్యమే తీసేసింది. 2005లో మరో విద్య బయటపడింది. ఇంగ్లీషు 'ఎ' బదులు అచ్చం అలాగే కనిపించే రష్యన్ అక్షరం పెట్టి పేపాల్ పేరుతో డొమైను కొని చూపించారు. కళ్ళకి తేడా తెలిస్తే ఒట్టు.

"తాళం బొమ్మ ఉంటే మంచిది" అన్నారు. తాళం చెప్పేది మీకూ ఆ సైటుకీ మధ్య ఎవరూ వినడం లేదని. అవతల ఉన్నది బ్యాంకో దొంగో దానికి అనవసరం. సర్టిఫికెట్లు ఉచితంగా దొరకడం మొదలయ్యాక దొంగ సైట్లకీ తాళాలొచ్చాయి. జనం దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారని క్రోమ్ 2023లో ఆ బొమ్మే పీకేసింది.

"ఇంగ్లీషు తప్పులుంటే అనుమానించు" అన్నారు. ఇప్పుడు ఏఐ పుణ్యమా అని దొంగ మెయిలు మన మేనేజరు మెయిలు కన్నా మంచి ఇంగ్లీషులో ఉంటోంది.

"ఓటీపీ ఉందిగా" అన్నారు. ఆన్‌లైన్ కార్డు లావాదేవీలకి రెండో ధృవీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి తప్పనిసరి చేసింది. మంచి నిర్ణయమే, దానివల్ల ఎన్నో మోసాలు ఆగాయి. కానీ దొంగ పేజీ మీ దగ్గర పాస్‌వర్డు తీసుకుని, అదే క్షణంలో అసలు సైటులో కొట్టి, మీకొచ్చిన ఓటీపీ కూడా అడిగి అక్కడ కొడితే? మధ్యలో దూరినవాడికి ఆరంకెలు ఓ లెక్కా?

చూడటం మీద మనకున్న నమ్మకాన్ని 2006లోనే ధమీజా, టైగర్, హర్స్ట్ అనే పరిశోధకులు పరీక్షించారు. 22 మందికి "ఇందులో దొంగ సైట్లేవో చెప్పండి" అని ముందే చెప్పి మరీ చూపించారు. బ్యాంక్ ఆఫ్ ది వెస్ట్ పేరులో 'డబ్ల్యూ' బదులు రెండు 'వి'లు పక్కపక్కన పెట్టిన సైటు 90 శాతం మందిని బోల్తా కొట్టించింది. అనుమానించమని కూర్చోబెట్టినప్పుడే ఇలా ఉంటే, శుక్రవారం సాయంత్రం రిలీజు హడావుడిలో ఉన్నవాడి గతేమిటి?

తెలివైనవాళ్ళం అనుకునేవాళ్ళకి మరో రెండు ముక్కలు. సెక్యూరిటీ అమ్ముకునే ఆర్ఎస్ఏ కంపెనీలోకి 2011లో దొంగలు దూరింది "2011 రిక్రూట్‌మెంట్ ప్లాన్" అనే ఎక్సెల్ ఫైలుతో. ఆ మెయిలు జంక్ ఫోల్డరులో పడితే, ఓ ఉద్యోగి బయటికి తీసి మరీ తెరిచాడు. 2013–2015 మధ్య లిథువేనియాకి చెందిన ఒకతను ఓ హార్డ్‌వేర్ తయారీ కంపెనీ పేరు పెట్టుకుని దొంగ ఇన్‌వాయిసులు పంపితే, గూగుల్, ఫేస్‌బుక్ కలిపి 12 కోట్ల డాలర్లు చెల్లించాయి. అతనికి 2019లో ఐదేళ్ళ జైలు పడింది.

మన దేశంలో ఫిషింగ్ మీద వచ్చిన తొలి ముఖ్యమైన తీర్పు కూడా మనబోటి వాళ్ళకి సంబంధించిందే. నాస్కామ్ పేరుతో మెయిళ్ళు పంపి, ఉద్యోగాల కోసం జనం వివరాలు లాగిన ఓ ప్లేస్‌మెంట్ సంస్థ మీద 2005 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. అప్పటికి ఫిషింగ్ గురించి ప్రత్యేకంగా చట్టమే లేదు. ఐనా అది చట్టవిరుద్ధమని కోర్టు చెప్పింది. ప్రతివాదులు 16 లక్షలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. తర్వాత 2008 సవరణలతో ఐటీ చట్టంలోకి 66సి, 66డి సెక్షన్లు వచ్చాయి.

బ్యాంకుల బాధ్యత మాటేమిటి? అబుదాబిలో పనిచేసే ఓ ప్రవాస భారతీయుడు 2007లో ఐసీఐసీఐ పేరుతో వచ్చిన దొంగ మెయిలుకి వివరాలిచ్చి ఆరు లక్షల పైచిలుకు పోగొట్టుకున్నాడు. తప్పు ఖాతాదారుడిదే అని బ్యాంకు వాదించింది. 2010 ఏప్రిల్లో తమిళనాడు ఐటీ కార్యదర్శి, న్యాయనిర్ణేత హోదాలో, 12.85 లక్షలు కట్టమని బ్యాంకునే ఆదేశించారు. నాకు నచ్చిన తీర్పిది. "లంకెలు నొక్కకండి" అని ఓ వైపు చెబుతూ, ఇంకోవైపు తామే లంకెలున్న మెయిళ్ళు రోజూ పంపే బ్యాంకులు జనానికి నేర్పుతున్నది ఏమిటి?

అలాగని ధీమాగా ఉండకండి. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులరు ప్రకారం, మీ రహస్యాలు మీరే చెప్పేసి నష్టపోతే, బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా మీదే. చేసిన తర్వాత పోయేది బ్యాంకుది. అంటే సిగ్గుపడుతూ కూర్చున్న ప్రతి నిమిషానికీ ఖరీదుంది. ముందు బ్యాంకుకి, వెంటనే 1930కి ఫోను. బాధపడటం ఆ తర్వాత.

మరి కాలం చెల్లని జాగ్రత్త ఉందా? నాకు తెలిసి రెండున్నాయి. మొదటిది యంత్రానికి సంబంధించింది. సెక్యూరిటీ కీలు, పాస్‌కీలు డొమైనుని తామే సరిచూసుకుంటాయి. రెండు 'వి'లకి మన కళ్ళు మోసపోతాయి గానీ అవి మోసపోవు. 85 వేలకి పైగా ఉద్యోగులున్న తమ కంపెనీలో కీలు తప్పనిసరి చేశాక ఒక్కరి ఖాతా కూడా ఫిషింగుకి పోలేదని 2018లో గూగుల్ చెప్పింది. మన బ్యాంకుల విషయంలో, అడ్రసు చివర 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' ఉండాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. వాటిని ఇచ్చేది మన హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ. ఆ ముక్క సైటు పేరుకి చిట్టచివర ఉండాలి, మధ్యలో కాదు. అడ్రసుని ఉర్దూలా కుడి నుంచి ఎడమకి చదవడం అలవాటు చేసుకోండి.

రెండోదానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. మన దగ్గరకి వచ్చిన తలుపులోంచి బ్యాంకులోకి వెళ్ళకూడదు. మెయిల్లో ఏముందో, అసలుదో నకిలీదో తేల్చే పనే పెట్టుకోవద్దు. దాన్ని మూసేసి, యాప్‌లోకో, మీరు చేత్తో కొట్టిన అడ్రసుకో వెళ్ళి చూడండి. నిజంగా ఖాతాలో ఇబ్బందుంటే అక్కడా కనిపిస్తుంది. ఏఓఎల్ రోజుల్లోనూ ఈ ఒక్క అలవాటు పనిచేసేది, ఇప్పుడూ పనిచేస్తుంది.

ఊళ్ళో పెన్షను ఖాతా ఫోన్లో చూసుకుంటున్న నాన్నగారికి డీమార్క్ గురించి చెప్పలేం. ఈ మాట మాత్రం చెప్పగలం. ఈ వారం ఫోన్ చేసినప్పుడు చెప్పండి, 1930 నంబరు కూడా రాసుకోమనండి.