టోపీ పిన్నుతో బండి బాగుచేసిన ఇల్లాలు

“మిస్సింగు కొడతాంది, అంతే. ఏం కాదులే అక్కా!”

పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు దారిలో పాతకాలపు పెట్రోలు పికప్ ఎక్కినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. వెనక చీనీకాయల గంపలు, ముందు డ్రైవరు పక్కన మనం. బండి కాస్త దూరం పోయి దగ్గుతుంది, ఓసారి ఎగిరిపడుతుంది. గుప్పున పెట్రోలు వాసన! “పెట్రోలు బండన్నాక వాసన రాదా?” అని నవ్వేస్తాడతను. రోజూ పీల్చి పీల్చి అతని ముక్కు దాన్ని లెక్కచెయ్యడం మానేసింది. పక్కింట్లో పప్పు అడుగంటినా పసిగట్టే ముక్కు మనది. దాన్ని మనమైనా నమ్మొద్దూ?

బండి రోగం ఆడదాని చేతికి చిక్కడం ఈనాటి సంగతి కాదు. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టింది 1886 జనవరి 29న. ఆ ప్రయత్నాల వెనక భార్య బెర్తా కట్నం సొమ్ము కూడా ఉందిలెండి. బండి తయారైంది గాని కొనేవాళ్లు ముందుకు రాలేదు. 1888 ఆగస్టులో ఆవిడ మొగుడికి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి పుట్టినూరు ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైమాటే. పుట్టింటికి వెళ్లే ఆడదాన్ని ఎవరాపగలరు? దారిలో ఇంధనం మందుల షాపులో కొంది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడిచేత తోలు కొట్టించింది. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. ఇగ్నిషన్ తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ తీసి చుట్టింది.

ఆ చివరి రెండు మరమ్మతులూ చూడండి. ఒకటి ఇంధనానిది, ఒకటి నిప్పురవ్వది. మన పికప్ రోగం కూడా చాలామటుకు ఆ రెంటిలోనే ఉంటుంది.

ఇంజనులో నాలుగు సిలిండర్లుంటే ఒకదాని ప్లగ్గులో రవ్వ పడలేదనుకోండి. అందులోకి వెళ్లిన పెట్రోలు కాలకుండానే సైలెన్సరు గుండా బయటికొస్తుంది. అప్పుడు వాసన బండి వెనక. అలా కాకుండా కార్బొరేటరులో ఫ్లోటుకు చిల్లు పడ్డా, నీడిల్ వాల్వు కింద నలక చేరినా పెట్రోలు పొంగుతుంది. పొయ్యి మీద పాలలాగే. అప్పుడు వాసన ముందు, బానెట్ దగ్గర. అందుకే ప్రొద్దుటూరులో షెడ్డుకు పోయినప్పుడు “వాసనొస్తోంది” అని ఊరుకోకుండా ఎక్కణ్ణుంచో కూడా చెబితే మేస్త్రీకి సగం పని తప్పుతుంది. అతను ప్లగ్గు తీగలు ఒక్కొక్కటే తీసి చూస్తాడు. ఏది తీసినా ఇంజను చప్పుడు తగ్గాలి. తగ్గలేదా, జబ్బు ఆ సిలిండరుదే. ప్లగ్గు తడిగా వస్తే రవ్వ లేదనో, పెట్రోలు ముంచేసిందనో అర్థం. పొడి మసి పట్టిందంటే పెట్రోలు పాలు ఎక్కువైందని. ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బాను పాతకాలం మేస్త్రీలు ‘డెల్కో’ అంటారు. అది 1909లో అమెరికాలో డేటన్ ఊళ్లో పుట్టిన కంపెనీ పేరు. మన షెడ్లకొచ్చి సామాను పేరైపోయింది!

ఇంజెక్షన్ బండ్లొచ్చాక కార్బొరేటరు పొంగే గొడవ లేదు. పాతవాటికి మాత్రం తప్పదు.

వాసన వెనకైతే మెల్లగా ఊరు చేరుకోవచ్చునేమో. ముందు నుంచైతే మొహమాటపడకండి. పొంగిన పెట్రోలు కాగిన ఇంజను మీద పడుతోందన్నమాట, పక్కనే నిప్పురవ్వలు పంచే డబ్బా. “అన్నా, బండాపు. బీడీ ఆర్పెయ్” అని చెప్పి పిల్లల్ని దింపుకుని దూరంగా నిలబడండి. చీనీకాయలు గంట ఆలస్యమైతే చెడిపోవు.