రేవుకు వచ్చిన పుస్తకం

1982లో వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆ కోవలో దేశానికే మొదటిది. 1991లో దానికి అంబేద్కరుని పేరు పెట్టారు. కరీంనగరం, ఆదిలాబాదు సీమలలో బడి మానిన నా విద్యార్థులు కొందరు ఆ అచ్చుపాఠాలు చదివియే పట్టభద్రులైనారు. పాఠం ఇల్లు చేరింది, గ్రంథాలయం కదలలేదు. పాఠం చివర సూచించిన గ్రంథానికై ఆసిఫాబాదువాడు పట్నం బస్సెక్కవలసినదే.

గ్రంథాలయం కదలడం తెలుగువారికి క్రొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పుస్తకాల పడవను నడిపించారు. పాఠకుడు వెళ్ళనక్కరలేదు, పడవయే రేవుకు వచ్చేది. (మా కరీంనగరానికి పెద్ద కాలువ శ్రీరాంసాగరం తరువాతనే లెండి!)

నేడు తరగతి చేతిఫోనులో జరుగుతున్నది. గ్రంథపాలకుడు తానే అందులో చేరి, వ్యాసం వ్రాయించే వారానికి ముందే, ఎవరూ అడుగక మునుపే, ఏ పుస్తకం ఎక్కడ దొరకునో చెప్పాలి. మొదటిసారి కళాశాల గడప త్రొక్కిన ఇంటి పిల్లకు ఏమి అడగాలో కూడ తెలియదు.