హవాకు దారి, పంఖాకు వేళ: రేడియేటర్ ఫ్యాన్ తారీఖ్



మన ఖాందానుల్లో డ్రైవరో, మెకానిక్కో, రేడియేటర్ మిస్త్రీయో లేని ఇల్లు తక్కువ. నలుగురు కూర్చున్న దస్తర్‌ఖాన్ దగ్గర ఒక మామూ "గాడీ గరమ్ అవుతోంది మియా" అంటాడు. చాచా వెంటనే "పెద్ద పంఖా పెట్టించెయ్" అని మష్వరా ఇస్తాడు. ఆ మష్వరా ఒక్కోసారి సహీ, ఒక్కోసారి పైసలు దండగ. ఏది ఎప్పుడు అన్నది తెలియాలంటే ఆ పంఖా కారులోకి ఎందుకు వచ్చిందో, ఎవరి జరూరత్ కోసం వచ్చిందో తెలుసుకోవాలి. ఈ ఇల్మ్ ఉస్తాద్ నోటి నుంచి షాగిర్ద్ చెవికి జబానీగా నడుస్తూ వచ్చింది. కాగితం మీదికి వచ్చింది తక్కువ. అందుకే ఈ రాత.

1886లో కార్ల్ బెంజ్ పేటెంట్ తీసుకున్న మూడు చక్రాల బండికి రేడియేటర్ లేదు. ఇంజిన్ చుట్టూ ఉన్న నీళ్ళు మరిగి ఆవిరైపోయేవి, ఆ ఆవిరితో పాటే వేడీ పోయేది. సురాహీలో నీళ్ళు ఎలా చల్లబడతాయి? మట్టి గోడ నుంచి కొంచెం నీరు చెమ్మై బయటికి వచ్చి ఎగిరిపోతుంది, పోతూ పోతూ వేడిని తీసుకుపోతుంది. ఉసూల్ ఇక్కడా అదే. కాకపోతే సురాహీ అడిగేది చారెడు, ఇంజిన్ తాగేది బకెట్లు. 1888 ఆగస్టులో బెంజ్ బీబీ బెర్తా తన ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, 100 కిలోమీటర్లకు పైగా, ఆ బండి నడిపింది. దారి పొడవునా ఆగి ఆగి నీళ్ళు పోసుకోవాల్సి వచ్చింది.

ఈ ప్యాస్‌కు ఇలాజ్ కనిపెట్టినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1901 నాటి 35 హార్స్‌పవర్ మెర్సిడెస్‌కు తేనెపట్టులాంటి రేడియేటర్ చేశాడు. 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 పక్కపక్కన పేర్చి సోల్డర్ చేశాడు. గొట్టాల లోపలి నుంచి హవా పోతుంది, వాటి నడుమ సన్నని సందుల్లో నీళ్ళు తిరుగుతాయి. వేడి నీటికీ హవాకూ మధ్య పలచని లోహపు రేకు ఒక్కటే అడ్డం. దాంతో సుమారు 9 లీటర్ల నీళ్ళతోనే అంత పెద్ద ఇంజిన్ గుజారా అయ్యింది. మేబాక్ అక్కడితో ఆగలేదు. బండి మెల్లగా పోయేటప్పుడు ఎదురు హవా రాదని గ్రహించి, రేడియేటర్ వెనక ఒక పంఖా పెట్టాడు. మన కథ ఆ పంఖా దగ్గరే మొదలవుతుంది.

ఆ పంఖాకు, ఆ తర్వాత దశాబ్దాల పాటు వచ్చిన పంఖాలకు తాకత్ ఇచ్చింది ఇంజినే. మనకు బాగా ఎరుకైన తరీఖా బెల్టు. ఇంజిన్ తిరిగితే పంఖా తిరుగుతుంది. చూడ్డానికి సాదా, నమ్మకమైన ఏర్పాటు. కానీ దాని పుట్టుకలోనే ఒక ఉల్టా ఉంది. ట్రాఫిక్‌లో బండి నిలబడ్డప్పుడు ముందు నుంచి హవా రాదు, పంఖా జరూరత్ ఎక్కువ. సరిగ్గా అప్పుడే ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పంఖా కూడా నీరసంగా తిరుగుతుంది. హైవే మీద ఎదురు హవా తనంతట తానే రేడియేటర్‌లోకి దూసుకొస్తుంది, పంఖాతో పని ఉండదు. అప్పుడేమో అది గర్రున తిరుగుతుంది. పైగా పంఖా వేగం రెట్టింపైతే అది మింగే తాకత్ లెక్క ప్రకారం 8 రెట్లు అవుతుంది. అంటే పని లేనప్పుడే పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. ఇస్రాఫ్ అంటే ఇదే కదా.

మన ఎంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రెండూ ఈ బెల్టు పంఖా బండ్లే. శ్రీశైలం ఘాట్ ఎక్కే దారిలో బానెట్ ఎత్తి, టైరు వెనక రాయి పెట్టి, డబ్బాతో నీళ్ళు పట్టుకొని నిలబడ్డ ఎంబాసిడర్‌ను మన అబ్బాజాన్ల తరం చూసే ఉంటుంది. ఘాట్‌లో బండి మెల్లగా నడుస్తుంది, ఎదురు హవా తక్కువ. ఇంజిన్ మీద మాత్రం పూర్తి బోజ్. బెల్టు పంఖా ఎంత తిరిగినా ఒక్కోసారి చాలేది కాదు.

ఈ ఉల్టాను సీదా చేసింది ఒక అనుకోని మజ్‌బూరీ. 1959లో బ్రిటన్‌లో మినీ కారు వచ్చింది. దాన్ని రూపొందించిన అలెక్ ఇసిగోనిస్ ఉస్మానీ సల్తనత్‌లోని ఇజ్మీర్‌లో 1906లో పుట్టినవాడు. చిన్న బండిలో నలుగురికి జాగా దొరకాలని అతడు ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి పెట్టాడు. ఇంజిన్ అడ్డంగా తిరిగితే దాని బెల్టు పక్కకు చూస్తుంది, ముందుకు కాదు. అందుకని మినీలో రేడియేటర్ కూడా పక్కకు, ఎడమ చక్రం వైపుకు పోయింది. ఎదురు హవా సూటిగా తగిలే అసలు జాగాను అది వదులుకుంది.

ఇటలీలో ఫియట్ ఇంజనీర్ దాంతే జకోసా ఇంజిన్‌ను అడ్డంగానే ఉంచాడు, రేడియేటర్‌ను మాత్రం ముందుకు తెచ్చాడు. బెల్టు అందదు కాబట్టి పంఖాకు సొంత బిజిలీ మోటారు ఇచ్చాడు. 1964 ఆటోబియాంకీ ప్రిములాలో ఈ తరీఖా పరీక్షించి, 1969 ఫియట్ 128లో దునియా ముందు పెట్టారు. నీళ్ళు వేడెక్కితే థర్మో స్విచ్ కలుస్తుంది, పంఖా తిరుగుతుంది. చల్లబడితే ఆగిపోతుంది. అలా పంఖా ఇంజిన్ వేగానికి గులామ్‌గా ఉండడం మానేసి, నీళ్ళ వేడికి జవాబు చెప్పడం నేర్చుకుంది.

ఈ మార్పుకు ఇంకో సహారా కూడా దొరికింది. పాత డైనమోలు ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు కరెంటు సరిగా ఇచ్చేవి కావు. బండి నిలబడి ఉండగా బిజిలీ పంఖా తిప్పితే బ్యాటరీ ఖాళీ అవుతుంది. 1960లో క్రైస్లర్ వేలియంట్‌తో ఆల్టర్నేటర్ పెద్దఎత్తున కార్లలోకి వచ్చింది. ఐడిల్‌లోనూ కరెంటు అందడం మొదలైంది. ఆ తర్వాత 1973 అక్టోబర్‌లో, రంజాన్ నెలలో, అరబ్‌లకూ ఇజ్రాయెల్‌కూ జంగ్ జరిగింది. అరబ్ దేశాలు తేల్ బంద్ చేశాయి. పీపా 3 డాలర్ల దగ్గరున్న ముడిచమురు కొన్ని నెలల్లోనే 12 డాలర్ల దరిదాపుకు చేరింది. అప్పటి నుంచి పెట్రోల్ బొట్టుబొట్టుకూ హిసాబ్ మొదలైంది. అడ్డం ఇంజిన్ చిన్న కార్లు పెరిగాయి, వాటితో బిజిలీ పంఖా కూడా. మన దేశంలో 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన మారుతి 800 ఆ ఖాందాన్ బండే. ఇంజిన్ బంద్ చేశాక కూడా బానెట్ కింద పంఖా గిర్రున తిరగడం అప్పటి జనానికి అజీబ్‌గా అనిపించింది.

ఇప్పుడు చాచా మష్వరా దగ్గరికి వద్దాం. ఈ తారీఖ్ మనకు ఒక సవాల్ నేర్పుతుంది: బండి ఏ వేగంలో గరమ్ అవుతోంది? ట్రాఫిక్‌లో గరమై, రోడ్డు ఖాళీ కాగానే చల్లబడితే మొదట పంఖా మీదే షక్ పెట్టుకోవాలి. మోటారు, రిలే, ఫ్యూజ్, స్విచ్ చూడాలి. 80 కిలోమీటర్ల వేగంలో గరమ్ అవుతుంటే సాధారణంగా పంఖా బేకసూర్. అక్కడ హవా దానంతట అదే వస్తోంది. నీళ్ళు తక్కువా, రేడియేటర్ లోపల మూసుకుపోయిందా, థర్మోస్టాట్ పట్టేసిందా, వాటర్ పంపు అరిగిందా అని చూడాలి. అక్కడ పెద్ద పంఖా వేయించడం కడుపునొప్పికి కళ్ళద్దాలు కొనడమే.

పంఖా మార్చాల్సి వచ్చినా సైజు ఒక్కటే చూడొద్దు. హవా ఎప్పుడూ ఆసాన్ దారే వెతుక్కుంటుంది. పంఖా చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్‌ను కొందరు "అడ్డం" అని తీసి పారేస్తారు. అది లేకపోతే పంఖా తన రెక్కల ముందున్న గుండ్రని జాగా నుంచే ఎక్కువగా లాగుతుంది. మూలల్లోని గొట్టాలు బేకార్. అంచుల నుంచి ఇంజిన్ వేడి హవా మళ్ళీ తిరిగొస్తుంది. ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందు మూసే స్పాంజి పట్టీలదీ ఇదే కథ. జాగా ఉంటే పంఖా రేడియేటర్ వెనక ఉండి లాగడమే బెహతర్. ముందు పెడితే అది ఆగి ఉన్నప్పుడు ఎదురు హవాకు అడ్డం పడుతుంది. వైర్లు ఉల్టా కలిపితే చాలా మోటార్లు ఉల్టా తిరిగి, వచ్చే హవాతోనే కొట్లాడతాయి. 12 వోల్టుల పంఖా 15 ఆంపియర్లు లాగితే 180 వాట్లు. సన్నని వైరుతో, ఫ్యూజ్ లేకుండా వేయడం అంటే బానెట్ కింద ఆగ్‌ను పిలవడమే.

ఇంట్లో పిల్లలకు రెండు మాటలు చెప్పండి. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తిప్పొద్దు. లోపల ప్రెషర్ ఉంటుంది, నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటాయి, మూత తీయగానే ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఇంజిన్ ఆగింది కదా అని పంఖా దగ్గర చెయ్యి పెట్టొద్దు. దానికి హుకుం ఇచ్చేది తాళంచెవి కాదు, నీళ్ళ వేడి.

రాగి, ఇత్తడి రేడియేటర్లకు సోల్డర్ వేసే మిస్త్రీల కొలువులు మన బజార్లలో తగ్గిపోతున్నాయి. అల్యూమినియం రేడియేటర్, దాని ప్లాస్టిక్ ట్యాంకు చెడితే అతకడం కంటే మార్చడమే ఎక్కువైంది. ఎలక్ట్రిక్ కార్లు వస్తే మన హునర్ ఖతమ్ అని నౌజవానులు దిగులు పడుతున్నారు. కానీ ఈ రోజు అమ్ముతున్న చాలా ఎలక్ట్రిక్ కార్లలో కూడా బ్యాటరీని, మోటారును చల్లబరచడానికి రేడియేటర్ ఉంది, దాని వెనక బిజిలీ పంఖా ఉంది. ఫాస్ట్ చార్జింగ్ పెట్టినప్పుడు బండి కదలకుండానే బ్యాటరీ వేడెక్కుతుంది. ఎదురు హవా సున్నా, పంఖాదే మొత్తం భారం. ట్రాఫిక్‌లో గరమయ్యే కారు ముందు కూర్చొని హవా ఎటు పోతోందో చేత్తో పట్టి చూసే ఉస్తాద్‌కు, ఈ కొత్త బండి సగం తెలిసిందే. మిగతా సగం బిజిలీ పని. అది నేర్చుకోవడానికి మన పిల్లలకు ఇంకా వక్త్ ఉంది.