ఓకే కొడితే మళ్లీ ఓకే

ఎంటర్ నొక్కాడు గుమస్తా. తెర మీద డబ్బా మాయమైంది. రెప్పపాటులో ఇంకోటి లేచింది. 'బరువు వేయండి'. ఎంటర్. 'టిక్కీలు ఎన్నో వేయండి'. ఎంటర్. 'బరువు వేయండి'.

గుంటూరు మిర్చి యార్డు. మార్చి ఎండ. కమీషన్ కొట్లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది గానీ అది తెచ్చి మొహాన కొట్టేది ఘాటే. బల్ల ముందు నలుగురైదుగురు రైతులు, అమ్మకం బిల్లు అదే తక్‌పట్టీ కోసం తువ్వాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"ఏందయ్యా ఆలస్యం?" గద్దించాడు షావుకారు.

"ఎంత కొట్టినా పోవట్లేదండీ. మౌసుతో పక్కన నొక్కినా టంగుమంటంది."

రాత్రి పొద్దుపోయేదాకా ఆ ప్రోగ్రామునే సవరించి వెళ్లిన కుర్రాడికి ఫోన్ వెళ్లింది.

చెమటలు కక్కుతూ వచ్చాడు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి ప్రోగ్రామును మూసేశాడు. మళ్లీ తెరిచాడు. నిన్నటి బిల్లు పిలిచి, టిక్కీల గడిలో, అంటే మిర్చి బస్తాల లెక్క వేసేచోట, సున్నా వేసి ట్యాబ్ కొట్టాడు. మెసేజ్ వచ్చింది. ఓకే అన్నాడు. బుద్ధిగా పోయింది.

"బానే ఉందిగా బాబాయ్?"

"పాతది కాదు బాబూ. కొత్త బిల్లు తెరిచి చూడు."

తెరిచాడు. ఖాళీ గడి మీద ట్యాబ్ కొట్టాడు. తెర పట్టుకుంది.

ప్రోగ్రాం రాసింది విజువల్ బేసిక్ 6లో. 1998లో వచ్చిన సరుకు. ఊళ్లలో బిల్లింగ్ రాసే కుర్రాళ్లకు చాలామందికి అప్పట్లో అదే జీవనాధారం. తెర మీద ఎన్ని గళ్లున్నా నొక్కిన అక్షరం వెళ్లేది ఒక్కదానికే. ఫోకస్ దానిదన్నమాట. ఫోకస్ చేజారగానే ఆ గడికి 'లాస్ట్ ఫోకస్' కబురొస్తుంది. టిక్కీల తనిఖీ మొదట్నుంచీ అక్కడే ఉంది. సున్నా బరువుతో బిల్లు పోకూడదని షావుకారు పట్టుబడితే బరువు గడికీ అలాంటిదే రాత్రి తగిలించాడు. మరి తిరకాసు ఎక్కడ?

కోడ్ తెరిచి లాస్ట్ ఫోకస్ లైను దగ్గర ప్రోగ్రాం ఆగేలా బ్రేక్‌పాయింట్ పెట్టాడు. నడిపించాడు. అక్కడికి రాగానే వీబీ కిటికీ ముందుకు దూకింది, బిల్లు ఫారం వెనక్కి పోయింది. ఎఫ్5 కొట్టాడు. ఒక్క మెసేజ్ వచ్చి ఆగింది. మళ్లీ చేశాడు. ఈసారి వరస వేరు. బ్రేక్‌పాయింట్ తీసేశాడు. పాత గోలే!

తప్పు చూద్దామని కిటికీ తెరిస్తే ఆ కిటికీయే ఫోకస్ లాగేసుకుంటోంది. అందుకే ఫోకస్ కబుర్ల దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టొద్దని, ప్రోగ్రాం ఆపకుండా రాసి చూపే డీబగ్ ప్రింట్ వాడమని మైక్రోసాఫ్ట్ పుస్తకాల్లోనే ఉంది. అవసరం పడేదాకా ఆ పేజీ ఎవరు చదువుతారు గనక!

రెండు గళ్లలోనూ డీబగ్ ప్రింట్ రాసి వదిలాడు. ఎంటర్ కొట్టినప్పుడల్లా ఇమ్మీడియట్ విండోలో ఒక్కో వరస కిందికి దిగింది. టిక్కీలు పోయింది. బరువు పోయింది. టిక్కీలు పోయింది. బరువు పోయింది. కుర్రాడి వేలు కీ మీదే ఆగిపోయింది.

టిక్కీల గడికి లాస్ట్ ఫోకస్ అందేసరికే కర్సర్ బరువు గడికి వెళ్లిపోయింది, ఇక్కడ ఖాళీ అని మెసేజ్ పెట్టి సెట్ ఫోకస్‌తో వెనక్కి లాగితే బరువు గడి 'నా ఫోకస్ పోయింది' అని లేచి, తనూ ఖాళీయే కాబట్టి తన మెసేజ్ పెట్టి తన వైపు లాగింది, దాంతో టిక్కీల గడి ఫోకస్ మళ్లీ పోయింది, అది మళ్లీ లాగింది. పాత బిల్లులో బరువు ముందే నిండి ఉండబట్టి రాత్రి పరీక్షలో దొరకలేదు.

"ఎంతసేపు?" వెనక నుంచి షావుకారు గొంతు.

లాస్ట్ ఫోకస్‌లో రాసిందంతా కోసి 'వాలిడేట్' ఈవెంట్‌లో అతికించాడు. వీబీ 6తోనే కొత్తగా వచ్చిందది. ఫోకస్ కదలకముందే అడుగుతుంది. క్యాన్సిల్ ట్రూ అంటే కర్సర్ గడి దాటదు. లాక్కోవాల్సిన పనే లేదు. నడిపించాడు. ఒక్కటే మెసేజ్. పోయింది!

"నేను రేపమ్ముకుంటాలే, ఈ బిల్లు తీసెయ్" అన్నాడు ముందున్న రైతు. గుమస్తా రద్దు బటన్ నొక్కాడు. 'టిక్కీలు ఎన్నో వేయండి'.

బయటికి పోయే దారి కూడా మూసుకుపోయింది. కుర్రాడు నాలిక కరుచుకుని రద్దు బటన్‌కు 'కాజెస్ వాలిడేషన్' ఫాల్స్ చేశాడు. ఇక రద్దు నొక్కితే తనిఖీ అడ్డం రాదు. గుమస్తా మరో బిల్లు తెరిచి టిక్కీలు వేశాడు. బరువు గడిలో సున్నా పడింది. ఎంటర్ కొట్టాడు. మెసేజ్ రాలేదు. ప్రింటర్ కర్రుకర్రుమంటూ సున్నా బరువుకు తక్‌పట్టీ కొట్టేసింది.

సేవ్ డిఫాల్ట్ బటన్. గడిలో ఉండి ఎంటర్ కొడితే దాని క్లిక్ నడుస్తుంది గానీ కర్సర్ గడిలోనే ఉంటుంది. ఫోకస్ కదలనిదే వాలిడేట్ లేవదు. సేవ్ మొదట్లోనే 'వాలిడేట్ కంట్రోల్స్' అని రాశాడు. కర్సర్ ఉన్న గడిని అది బలవంతాన తనిఖీకి నిలబెడుతుంది. అదీ చాలదనుకుని రెండు గళ్లనూ అక్కడే ఇంకోసారి చూసేలా కట్టాడు.

"మళ్లీ సున్నా వేసి కొట్టు బాబాయ్."

కొట్టాడు. 'బరువు వేయండి'. ఓకే అన్నాడు. కర్సర్ బరువు గడిలోనే మిణుకుమంది. ఇంకో డబ్బా లేస్తుందేమోనని గుమస్తా కాసేపు వేలు పైకెత్తే ఉంచాడు. లేవలేదు.

"ఆ సున్నా తక్‌పట్టీ చింపెయ్యండ్రా ముందు" అన్నాడు షావుకారు.