మొక్కల కీటక వికర్షకాలు: విద్యార్థి ప్రయోగశాలలో పరీక్ష

వేప, పసుపు, నిమ్మగడ్డి, వస, వావిలి వంటి మొక్కల నూనెలు, సారాలు కీటకాలను ఎంతవరకు దూరంగా ఉంచగలవో కొలిచే ప్రయోగాలను వికర్షక పరీక్షలు అంటారు. డిగ్రీ, పీజీ జంతుశాస్త్ర విభాగాల్లోనూ వ్యవసాయ కళాశాలల కీటకశాస్త్ర ప్రయోగశాలల్లోనూ వీటిని ఎక్కువగా ఫిల్టర్ పేపరు, పెట్రి డిష్, నిల్వ ధాన్యపు పురుగులతో చేస్తారు. ఖర్చు తక్కువ. పురుగులు ఏడాది పొడుగునా దొరుకుతాయి. ఒక పూటలో లెక్క తేలుతుంది. ఇంత సులువైన పరీక్ష కాబట్టే దాని ఫలితానికి లేని అర్థాలు అంటగట్టడం కూడా సులువు. దోమల మీద, పంటల మీద, మనిషి చర్మం మీద ఆ మొక్క ఎలా పనిచేస్తుందో ఈ పరీక్ష చెప్పదు. ఫలానా మోతాదు పూసిన కాగితం వైపు, ఫలానా సమయంలో, ఎన్ని పురుగులు ఉన్నాయో మాత్రమే చెబుతుంది.

వికర్షణ, నిరోధం, విషం

కీటకాల ప్రతిచర్యను బట్టి రసాయనాలకు పేర్లు పెట్టే పద్ధతిని విన్సెంట్ డెతియర్, మరో ఇద్దరు రచయితలు 1960లో స్థిరపరిచారు. కీటకాన్ని తన మూలం నుంచి ఎడంగా కదిలించేది వికర్షకం. కీటకం అక్కడే ఉన్నా మేయకుండా, గుడ్లు పెట్టకుండా ఆపేది నిరోధకం. చంపేది విషం. ఒకే మొక్క సారం మోతాదును బట్టి ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు.

కందులకు, పెసలకు ఆముదం పట్టించే అలవాటును వికర్షణకు ఉదాహరణగా చెప్పడం వాడుకలో ఉంది. అక్కడ ప్రధానంగా జరిగేది వేరు. నూనె పూత వల్ల పుచ్చుపురుగు గుడ్లకు గాలి ఆడక అవి పొదగవు. తల్లి పురుగు పెట్టే గుడ్లు కూడా తగ్గుతాయి.

వేప విషయంలో ఈ తేడా ఇంకా ముఖ్యం. వేపగింజలోని అజాడిరక్టిన్‌ను బటర్‌వర్త్, మోర్గన్ 1968లో వేరుచేశారు. అది ఆవిరయ్యే పదార్థం కాదు కాబట్టి దూరం నుంచి వాసనతో కీటకాన్ని తరమలేదు. నోటికి తగిలినప్పుడు మేత మాన్పిస్తుంది, ఒంట్లోకి వెళ్తే పెరుగుదలను, కుబుసం విడవడాన్ని చెడగొడుతుంది. మిడతల మీద వేప ప్రభావాన్ని ముందుగా గుర్తించింది ఎవరన్న దానిపై రెండు కథనాలు ఉన్నాయి. 1959లో సుడాన్‌లో మిడతల దండు చెట్లన్నీ తినేసి వేపలను వదిలేయడం జర్మన్ కీటకశాస్త్రవేత్త హైన్రిచ్ ష్ముట్టరర్ చూశాడన్నది ఒకటి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ప్రధాన్, ఆయన సహచరులు వేపగింజల ద్రావణాన్ని పైర్ల మీద చల్లి, 1962లో ఆ ఫలితాలు ప్రచురించారన్నది రెండోది. మొదటిదానికి ప్రచారం ఎక్కువ. అయితే అది కంటితో చూసిన విషయం, రెండోది ప్రయోగం చేసి చూపినది. పరీక్షల చరిత్రలో రెండోదానికే ప్రాధాన్యం ఇవ్వడం సబబు.

పద్ధతి పుట్టుక

ఫిల్టర్ పేపరును రెండు సగాలు చేసి, ఒకదానికి సారం పూసి, పురుగులను మధ్యలో వదిలే పద్ధతికి స్థల ఎంపిక పరీక్ష అని పేరు. పరిశోధన వ్యాసాలు దీనికి ఎక్కువగా మెక్‌డొనాల్డ్, గై, స్పియర్స్ 1970లో అమెరికా వ్యవసాయ శాఖ తరఫున వెలువరించిన నివేదికను మూలంగా చూపుతాయి. కానీ అంతకు ముందే, 1955లో, లౌదాని, డేవిస్, స్వాంక్ పూత పూసిన కాగితం నిల్వ ధాన్యపు పురుగులను ఎంతవరకు దూరం పెడుతుందో కొలిచే పద్ధతిని ప్రచురించారు. వాళ్ల ఉద్దేశం ఆహార పదార్థాలను కట్టే పొట్లాలకు పురుగు పట్టకుండా చూడటం. మూల ఆలోచనను 1955 నాటిదిగా, నేటి రూపాన్ని, ఫలితాలను తరగతులుగా విడదీయడాన్ని 1970 నాటివిగా చెప్పడం న్యాయంగా ఉంటుంది.

ఈ పద్ధతిలో పరీక్షించిన భారతీయ మొక్కల్లో పసుపు ముఖ్యమైనది. సు, హోర్వాట్, జిలానీ 1982లో పసుపు కొమ్ముల నుంచి టర్మెరోన్లను వేరుచేసి, ఎర్ర పిండిపురుగును అవి వికర్షిస్తాయని చూపారు. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లు దగ్గర్లో ఉన్న మన కళాశాలలకు ఇంతకంటే అందుబాటులో ఉన్న ముడిసరుకు లేదు. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ ఆవిరి కాదు, అందువల్ల స్వేదనం చేసిన నూనెలోకి రాదు. ఆకు నూనె కూర్పూ కొమ్ము నూనె కూర్పూ ఒకటి కావు. కాబట్టి ‘పసుపు సారం’ అని మాత్రమే రాసిన నివేదిక ఏ పదార్థాన్ని పరీక్షించిందో తెలియదు.

పురుగు

ఎర్ర పిండిపురుగు శాస్త్రీయ నామం ట్రైబోలియమ్ కాస్టేనియమ్. పెద్ద పురుగు 3 నుంచి 4 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. గోధుమపిండిలో 5 శాతం ఈస్టు కలిపి, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గాలిలో 65–70 శాతం తేమ ఉంచితే నెల రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద పురుగు వస్తుంది. శుభ్రమైన గాజు గోడను ఇది సరిగా ఎక్కలేదు కాబట్టి పెట్రి డిష్‌లో నిలుస్తుంది. బియ్యపు ముక్కుపురుగు గాజును ఎక్కేస్తుంది. దానితో చేసేటప్పుడు డిష్ అంచుకు జారుడు పూత పూయాలి. పైగా తాకగానే చచ్చినట్టు పడి ఉంటుంది కాబట్టి వదిలిన వెంటనే లెక్కపెట్టడం కుదరదు.

పిండిపురుగుకూ దాని ఇబ్బందులు ఉన్నాయి. కుదిపినా, కిక్కిరిసినా అది క్వినోన్లు వదులుతుంది. ఆ వాసన తోటి పురుగులనే చెదరగొడుతుంది. మగ పురుగులు విడిచే 4,8-డైమిథైల్‌డెకనల్ అనే ఫెరోమోన్ వాటిని ఒకచోట గుంపు చేస్తుంది. వెలుతురును తప్పించుకోవడం, అంచు వెంట నడవడం వీటి సహజ గుణాలు. ఇవన్నీ మొక్క సారంతో సంబంధం లేకుండా ఫలితాన్ని మార్చగలవు.

సారం తయారీ

ఆవిరయ్యే నూనెల కోసం క్లెవెంజర్ పరికరంతో నీటి స్వేదనం చేస్తారు. ఇది 1928 నాటి రూపకల్పన. ఆవిరి కాని పదార్థాలకు సాక్స్‌లెట్ పరికరంలో హెక్సేన్, మెథనాల్ వంటి ద్రావణులు వాడతారు. ఏ ద్రావణి వాడారన్నది చిన్న విషయం కాదు. అజాడిరక్టిన్ మెథనాల్‌లోకి బాగా దిగుతుంది, హెక్సేన్‌లోకి దిగదు. అందువల్ల రెండు వేప సారాలు పరస్పర విరుద్ధ ఫలితాలు ఇచ్చినా ఆశ్చర్యం లేదు.

నిమ్మగడ్డి నూనెలో సాధారణంగా మూడొంతుల దాకా సిట్రాల్ ఉంటుంది. ఆ పాలు రకాన్ని, కోత కాలాన్ని, గడ్డిని ఆరబెట్టిన తీరును బట్టి మారుతుంది. కృష్ణ, ప్రగతి వంటి సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) రకాల పేర్లు తెలిసినప్పుడు నివేదికలో రాస్తే మరొకరు అదే ప్రయోగం మళ్లీ చేయగలరు. వస విషయంలో జాగ్రత్త అవసరం. దాని నూనెలోని బీటా-అసరోన్ ఎలుకల్లో కణితులు కలిగించినందున అమెరికా 1968లో వసను ఆహారంలో నిషేధించింది. దాన్ని చేతి తొడుగులతో, ఫ్యూమ్ హుడ్ కింద మాత్రమే వాడాలి.

పరీక్ష నడిచే తీరు

9 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఫిల్టర్ పేపరు వైశాల్యం దాదాపు 63.6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని సగానికి కత్తిరిస్తే ఒక్కో ముక్క 31.8 చదరపు సెంటీమీటర్లు. అసిటోన్‌లో 1 శాతం నూనె కలిపి, 0.5 మిల్లీలీటరు ఒక సగం మీద సమంగా పోస్తే 5 మైక్రోలీటర్ల నూనె పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.16 మైక్రోలీటరు. మోతాదు రాయవలసింది ఇలాగే. ‘1 శాతం ద్రావణం’ అంటే చాలదు, ఎందుకంటే అదే ద్రావణం రెట్టింపు పోస్తే మోతాదు రెట్టింపవుతుంది.

రెండో సగానికి అంతే అసిటోన్ మాత్రమే పోస్తారు. ఇది కంట్రోల్. అసిటోన్ ఆరాక రెండు సగాలను అడుగున టేపుతో కలిపి డిష్‌లో పరుస్తారు. ఆరబెట్టిన సమయాన్ని నిమిషాల్లో రాసుకోవాలి. అసిటోన్‌తో పాటు నూనెలోని సిట్రోనెల్లాల్ వంటి తేలిక పదార్థాలూ కొంత ఎగిరిపోతాయి. తర్వాత మధ్యలో 20 పురుగులను వదిలి, మూత పెట్టి, చీకట్లో ఉంచుతారు. ఒక్కో డిష్‌ను ఒక్కో దిక్కుకు తిప్పి పెడితే వెలుతురు, వేడి తేడాలు ఒకే వైపు పోగుపడవు. రెండు సగాలకూ అసిటోన్ మాత్రమే పోసిన డిష్‌లు కొన్ని తప్పక ఉండాలి. వాటిలోనే పురుగులు ఒకవైపు చేరితే లోపం ప్రయోగశాలలో ఉన్నట్టు.

గట్టి వికర్షకంగా పేరున్న డీట్‌ను పోలిక కోసం ఇంకో డిష్‌లో పెట్టడం మంచి పద్ధతి. డీట్ పుట్టిన ఏడాదిని కొందరు 1944 అని, కొందరు 1946 అని రాస్తారు. మొదటిది రూపొందించిన సంవత్సరం, రెండోది అమెరికా సైన్యం వాడకంలోకి తెచ్చిన సంవత్సరం అనుకుంటే రెండూ పొసగుతాయి. సామాన్యులకు అందింది 1957లో.

లెక్క

వికర్షణ శాతం కోసం కంట్రోల్ వైపు ఉన్న పురుగుల సంఖ్య నుంచి పూత వైపు సంఖ్యను తీసివేసి, మొత్తం సంఖ్యతో భాగించి, 100తో గుణిస్తారు. 16 పురుగులు కంట్రోల్ వైపు, 4 పూత వైపు ఉంటే వికర్షణ 60 శాతం. ఇదే ఫలితాన్ని ‘80 శాతం పురుగులు దూరంగా ఉన్నాయి’ అని రాసేవారూ ఉన్నారు. రెండు నివేదికలను పోల్చే ముందు ఏ లెక్క వాడారో చూడాలి. 0.1 శాతం లోపుకు సున్నా తరగతి, ఆపై ప్రతి 20 శాతానికి ఒక్కో తరగతి చొప్పున ఐదో తరగతి దాకా వర్గీకరణ ఉంది. అయితే 20 పురుగుల డిష్‌లో ఒక్క పురుగు గీత దాటితే శాతం 10 మారుతుంది. తరగతుల మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు.

విద్యార్థి నివేదికలు ఎక్కువగా దెబ్బతినేది గణాంకాల దగ్గర. ప్రతి పురుగూ సొంతంగా నిర్ణయం తీసుకుంటుందనుకుంటే 20లో కనీసం 15 ఒకవైపు ఉండటం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం సుమారు 4 శాతం, కనీసం 14 ఉండటానికి దాదాపు 12 శాతం. కానీ ఫెరోమోన్ వల్ల పిండిపురుగులు ఒకదాని వెంట ఒకటి పోతాయి. 20 పురుగులు 20 సాక్ష్యాలు కావు, డిష్ మొత్తం ఒక సాక్ష్యం. అదే డిష్‌ను ఒకటి, రెండు, నాలుగు గంటలకు లెక్కపెట్టినా సాక్ష్యం ఒకటే. డిష్‌లను ప్రమాణంగా తీసుకుని, ఒక్కో డిష్ ఎటు మొగ్గిందో మాత్రమే లెక్కించే సంజ్ఞా పరీక్ష చేస్తే ఐదు డిష్‌లూ ఒకేవైపు మొగ్గినా సంభావ్యత 6.25 శాతం దగ్గర ఆగుతుంది. ఆరు డిష్‌లూ మొగ్గితే 3.1 శాతానికి దిగుతుంది. అందువల్ల ఒక్కో మోతాదుకు ఆరు డిష్‌లకు తగ్గకుండా పెట్టడం అవసరం. ప్రయోగ పుస్తకాల్లో తరచుగా కనిపించే మూడు డిష్‌ల ఏర్పాటు ఈ దృష్టితో చూస్తే చాలదు.

అబట్ 1925లో ఇచ్చిన సూత్రం మరణాల లెక్కలో కంట్రోల్ మరణాలను సవరించడానికి ఉద్దేశించినది. వికర్షణ శాతానికి దాన్ని వాడటం పొరపాటు.

తప్పుదారి పట్టించే ఫలితాలు

మూత పెట్టిన డిష్‌లో ఆవిరి నూనె కొన్ని గంటల్లో అంతటా నిండుతుంది. అప్పుడు రెండు సగాల మధ్య వాసన తేడా పోతుంది, వికర్షణ తగ్గినట్టు కనిపిస్తుంది. మోతాదు ఎక్కువైతే పురుగులు మత్తెక్కి ఉన్నచోటే పడిపోతాయి. పూత వైపు పడిపోయిన వాటిని ‘వికర్షణ లేదు’ అన్న లెక్కలో వేస్తే ఫలితం తలకిందులవుతుంది. లెక్కపెట్టే ముందు ప్రతి పురుగూ కదులుతోందో లేదో చూసి, కదలని వాటిని విడిగా రాయాలి. గీత మీద ఉన్న పురుగు తల ఎటు ఉంటే అటు లెక్కించాలన్న నియమాన్ని ప్రయోగానికి ముందే పెట్టుకోవాలి. లెక్కపెట్టే వ్యక్తికి ఏది పూత వైపో తెలియకుండా డిష్ ఫొటోలు తీసి, సంకేతాలతో మరొకరికి ఇవ్వడం సెల్‌ఫోన్ ఉన్న ఏ ప్రయోగశాలలోనైనా సాధ్యమే.

ఈ పరీక్షలో పురుగు కాగితాన్ని తాకుతుంది కాబట్టి అది వాసనకు జరిగిందో, స్పర్శకు జరిగిందో తెలియదు. వాసనను విడిగా చూడాలంటే వై ఆకారపు గాజు గొట్టం, నాలుగు చేతుల ఆల్ఫాక్టోమీటర్ వంటివి కావాలి.

దోమలు, మనుషులు

దోమల వికర్షకాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆకలితో ఉన్న ఆడ దోమల పంజరంలోకి స్వచ్ఛంద కార్యకర్త చేయి పెట్టే పద్ధతి ఉంది. దానికి వ్యాధి సోకని దోమల పెంపకం, నైతిక సంఘం అనుమతి, వైద్య పర్యవేక్షణ కావాలి. పాఠశాలలో, డిగ్రీ కళాశాలలో దాన్ని అనుకరించకూడదు. నూనెలను విద్యార్థుల చర్మానికి పూసి చూడటమూ తగదు. సిట్రాల్ వంటివి కొందరిలో అలర్జీ తెస్తాయి. దోమ లార్వాలను సారం కలిపిన నీటిలో వేసి మరణాలు లెక్కపెట్టడం విద్యార్థులు చేయదగినదే గాని, అది విష పరీక్ష, వికర్షక పరీక్ష కాదు.

ముడి నూనెకూ తయారైన వికర్షకానికీ దూరం ఎంత ఉంటుందో నిమ్మవాసన యూకలిప్టస్ చూపుతుంది. దాని నూనెలో ప్రధానమైన సిట్రోనెల్లాల్ త్వరగా ఎగిరిపోతుంది. దాన్ని మార్చి పొందే పీఎండీ అనే పదార్థం చర్మం మీద ఎక్కువ సేపు నిలుస్తుంది. సిఫార్సు ఉన్నది పీఎండీకే, అదీ మూడేళ్లు నిండని పిల్లలకు కాదు.

ప్రయోగం ముగిశాక పురుగులను బయట వదలకూడదు, అవి నేరుగా ఎవరింటి పిండిడబ్బాలోకైనా చేరతాయి. డిష్‌తో సహా కొన్ని రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి పారేస్తారు. మంచి ఫలితం వచ్చినంత మాత్రాన సారాన్ని సీసాల్లో నింపి అమ్మడానికి వీల్లేదు. మన దేశంలో కీటకనాశకాల చట్టం, 1968 కింద నమోదు లేకుండా కీటక నివారణ ఉత్పత్తులను తయారుచేసి అమ్మడం నేరం.